పగ్గాలు ఎవరి చేతిలో?

చాపలల్లే నూకాలు సంతకని అద్దెబండి ఎక్కింది. బండి తోలే గవర్రాజు దివానుగారి బావమరిది. ముందు పోతున్న బండివాడితో పందెం కట్టి, "మెల్లగా తోలండి బాబూ!" అని ఆమె మొత్తుకుంటున్నా వినకుండా ఎద్దుల్ని చావగొట్టాడు. గతుకులో నూకాలు ఎగిరి కిందపడితే కాలు విరిగింది. అతను ఆగకుండా పోయి, పందెం గెలిచి మెళ్లో దండ వేయించుకున్నాడు.

నూకాలు మొరపెట్టుకోగా కొలువులో రాజు గవర్రాజును నిలదీస్తే, "ఎద్దులు బెదిరాయి ప్రభూ, నా తప్పేముంది?" అన్నాడు.

నూకాలుకు ఒళ్లు మండింది. "అయితే పందెం గెలిచిందీ ఎద్దులేనా?"

"ఎద్దులకేం తెలుసే! పగ్గాలు పట్టి గెలిపించింది నేను!"

"విన్నారా ప్రభూ? మెళ్లో దండ పడ్డప్పుడు పగ్గాలు ఈయన చేతిలోనే ఉన్నాయట. నేను పడ్డప్పుడే లేవట!"

రాజు గవర్రాజు వైపు తిరిగాడు. "ఈమె మళ్లీ నడిచేదాకా ఈమె ఇల్లు నువ్వే నడపాలి."

"ఈసారైనా చూసుకుని నడపండి బాబూ!" అంది నూకాలు పళ్లు కొరుకుతూ.