సింగారి మోసిన పుప్పొడి

అనగనగా ఒక కొండ అడవిలో, వాగు పక్కన, మద్దిచెట్టు తొర్రలో ఓ తేనెపట్టు ఉండేది. అందులో సింగారి అనే తేనెటీగ ఉండేది. దానంత తేనె తెచ్చే ఈగ ఆ పట్టులో ఇంకోటి లేదు. ఆ సంగతి సింగారికీ బాగా తెలుసు.

ఆ ఏడు కానుగలు విరగబూశాయి. ఈగలన్నీ తేనె మీదే పడ్డాయి. పిల్లల్ని సాకే ఈరి అనే పడుచు ఈగ సింగారి దగ్గరికొచ్చింది.

"అక్కా, పుప్పొడి గదులు ఖాళీ అయిపోతున్నాయి. ఈత చెట్ల దాకా వెళ్లి కాస్త తెచ్చిపెట్టవూ?"

"ఈత పూలలో చుక్క తేనె ఉండదు. ఆ దుమ్ము కోసం పూటంతా పాడుచేసుకోనా? తేనె బోలెడుంది, పిల్లలకు అదే పెట్టు" అంది సింగారి.

"తేనెతో ఎగిరే సత్తువ వస్తుందక్కా. ఒళ్లు పెరగాలంటే మాత్రం పుప్పొడే కావాలి. మట్టిలో ఉన్న ఇనుము, సున్నం, జింకు వేళ్లు పీల్చి పూలకు పంపుతాయి. అవి ఆ పొడిలో ఉంటాయి. కండ పట్టించే మాంసకృత్తులూ అందులోనే ఉంటాయి."

సింగారి వినిపించుకోలేదు. మర్నాడు ఈరి మళ్లీ అడిగితే "చూద్దాంలే" అంది. ఆ మర్నాడు ఈరి అడగడమే మానేసింది.

కొన్నాళ్లకు కొత్త ఈగలు గదుల్లోంచి బయటికొచ్చాయి. అన్నీ పీలగా ఉన్నాయి. ఒక బుల్లి ఈగ గుమ్మం నుంచి ఎగరబోయి గడ్డిలో పడిపోయింది. సింగారి గబగబా దిగి దాని నోటికి తేనె అందించింది.

"తియ్యగా ఉంది పెద్దమ్మా" అంది ఆ బుల్లి ఈగ. ఎంత తాగినా దాని రెక్క లేవలేదు. సాయంత్రానికి దాని ఒంటికి చీమలు పట్టాయి.

తెల్లారగానే సింగారి కానుగల మీదుగా ఆగకుండా వెళ్లిపోయింది.

"దారి తప్పావా సింగారీ?" అని తోటి ఈగలు నవ్వాయి.

"లేదు. పిల్లలకు తిండి తేవడానికి వెళ్తున్నాను."

ఈత పూలలో పొర్లింది. మొక్కజొన్న చేలో పొర్లింది. తుమ్మపూలలోనూ పొర్లింది. కాళ్లకు పచ్చటి ముద్దలు కట్టుకుని, బరువుకు తూలుతూ ఇల్లు చేరింది. ఈరి మొహం విప్పారింది.

"మంచి పని చేశావక్కా. ఒక పొడిలో ఇనుము ఎక్కువుంటే ఇంకోదాంట్లో సున్నం ఎక్కువుంటుంది. కలిపి పెడితే పిల్లలకు ఏ లోటూ ఉండదు" అంటూ ఆ పొడిని తేనెతో తడిపి గదుల్లో కూరింది. అది చూసి మిగతా ఈగలూ ఒక్కొక్కటిగా సింగారి వెంట నడిచాయి.

కానుగ పూలు రాలిపోయే నాటికి సింగారి రెక్కలు అంచుల్లో చినిగిపోయాయి. అప్పుడు మళ్లీ కొత్త ఈగలు పుట్టాయి. నిండుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. అందులో ఒకటి గుమ్మంలో సింగారి పక్కన ఆగింది.

"పెద్దమ్మా, నువ్వు కూర్చో. ఈత చెట్లు ఎటో చెప్పు, చాలు."

సింగారి చెప్పింది. ఆ పిల్ల ఈగ ఒక్క ఊపున లేచి, ఎక్కడా తూలకుండా వాగు దాటి వెళ్లిపోయింది.

నీతి: నోటికి తియ్యగా ఉన్నది పెడితే సరిపోదు, ఒంటికి కావలసింది వెతికి తెచ్చి పెడితేనే పిల్లలు ఎదుగుతారు.