అరుపుల పెట్టె ముందు పరీక్ష

ఓబులేసు శనక్కాయ చేను గట్టుకి అవతల, కంపచెట్ల మధ్య కుందేళ్ల బడి ఒకటి ఉండేది. బడంటే బల్లలూ గోడలూ అనుకునేరు, అవేమీ లేవు. ఒక బలుసు పొద, దాని ముందు కాస్త చదునైన నేల, అంతే. పాఠాలు చెప్పేది సుంకులమ్మ అనే పెద్ద కుందేలు. ఆమె చదువంతా కలిపితే రెండే ముక్కలు: గాలి ఎటు వీస్తోందో చూసుకో, కుక్క అరుపు వినబడితే పరుగెత్తు. ఆ రెండు ముక్కలతోనే ఆ కంపల్లో తరాల కుందేళ్లు బతికి బట్టకట్టాయి. అందుకే సుంకులమ్మకి తన పాఠం మీద కొండంత నమ్మకం. కాస్త గర్వం కూడా ఉండేదిలెండి, అబద్ధమెందుకు.

ఆ ఏడు ఓబులేసు అడవిపందుల బాధ పడలేక పట్నం నుంచి అరుపుల పెట్టె ఒకటి తెచ్చి చేను మధ్యలో గుంజకి కట్టాడు. చిన్న మైకు, దాని నెత్తిన నల్లటి పలక. కాసేపు అందులోంచి కుక్క మొరుగుతుంది, కాసేపు మనిషి హోయ్ హోయ్ అని అదిలిస్తాడు, మళ్లీ కుక్క. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా అదే వరస.

ఇక చూడాలి బడి అవస్థ. పెట్టె మొరిగినప్పుడల్లా సుంకులమ్మ వెనక్కాలు నేలకేసి కొట్టడం, పిల్లలంతా పడుతూ లేస్తూ పొదలోకి దూరడం. బయటికొచ్చి గడ్డిపరక నోట పెట్టుకునేలోగా మళ్లీ మొరుగు, మళ్లీ పరుగు. కొన్నాళ్లకే పిల్లల డొక్కలు లోపలికి పోయాయి. గంగులు అనే గడుగ్గాయి ఒకడు ఉండబట్టలేక, ఇంతసేపు మొరిగితే ఏ కుక్కకైనా గొంతు పోదా టీచరమ్మా అని అడిగాడు. మీ తాత ఇలాంటి ప్రశ్నలు వేసుకుంటూ కూర్చుని ఉంటే నువ్వు పుట్టేవాడివే కాదని సుంకులమ్మ వాడి నోరు మూయించింది. నిజానికి వాడు అడిగినదాంట్లో తప్పులేదని ఆమెకి తెలుసు. జవాబే తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి నోరు రాలేదు.

ఇలాంటి సందు దొరకాలే గానీ నక్కకి ఇంకేం కావాలి? గుర్నాథం అనే నక్క మర్నాడే గట్టు మీద కొత్తకాలం బడి తెరిచాడు. పిల్లల్ని చేను మధ్యకి తీసుకెళ్లి, మొరిగేది కుక్క కాదు, ఇదిగో ఈ పెట్టె అని చూపించాడు. చూపించింది నిజమే, చిక్కంతా అక్కడే వచ్చింది. నిజం చెప్పాడు కాబట్టి మనవాడే అనుకున్నారు పిల్లలు. పైగా దూరంగా కూర్చుని పాఠం చెప్పేవాడు, ఒక్కరి మీదా చెయ్యి వేసేవాడు కాదు. పెట్టె మొరుగుతున్నా నిమ్మళంగా శనక్కాయ ఆకు మేయడమే ఆ బడిలో చదువు. పిల్లలు నున్నగా, గుండ్రంగా తయారయ్యారు. బిడ్డలు ఒళ్లు చేస్తుంటే ఏ తల్లి వద్దంటుంది? వాళ్లు కూడా సుంకులమ్మ ఎదురైతే మొహం తిప్పుకోవడం మొదలుపెట్టారు.

ఖాళీ నేల ముందు కూర్చుని సుంకులమ్మ కుమిలిపోయింది. ఇన్నేళ్లు చెప్పిన చదువు ఒక్క పెట్టె దెబ్బకి ఎందుకూ పనికిరాకుండా పోయిందే అని ఏడుపొచ్చింది ఆమెకి.

అలా ఉండగా ఒక సాయంత్రం గంగులు గంతులేసుకుంటూ వచ్చాడు. మర్నాడు పొద్దుగూకే వేళ తమకి పెద్ద పరీక్షట. కుక్క మొరుగుతున్నంతసేపూ కళ్లు గట్టిగా మూసుకుని, కదలకుండా కూర్చోవాలట. కదిలినవాడు ఫెయిలట.

"కళ్లు మూసుకోవడం ఎందుకురా?" అంది సుంకులమ్మ.

"భయం పోయిందని తెలియడానికంట. గుర్నాథం సారు ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చి చూస్తాడంట."

బలిసిన పిల్లలు, మూసుకున్న కళ్లు, దగ్గరికి వచ్చి చూసే నక్క. ఇంకా అర్థం కావడానికేముంది? కానీ వెళ్లొద్దంటే ఎవరు వింటారు? బడి పోయిన కడుపుమంటతో అంటోందనుకుంటారు. రేపు పొద్దుగూకేలోగా ఏదో ఒకటి చెయ్యకపోతే పిల్లలు దక్కరు. అప్పుడు తట్టింది సుంకులమ్మకి, ఆ పెట్టె సంగతి తనకి అసలేమీ తెలియదని. పిల్లలైనా దాని దగ్గరికెళ్లి చూశారు, తను అదీ చెయ్యలేదు. సిగ్గు పక్కనపెట్టి నేరుగా చేను మొదట్లో కట్టేసి ఉన్న ఎర్రెద్దు దగ్గరికి వెళ్లింది.

ట్రాక్టరు వచ్చినప్పటి నుంచి ఎర్రెద్దుకి పని లేదు. పొద్దస్తమానం నెమరేస్తూ ఆ పెట్టెని చూడటమే కాలక్షేపం. అడిగేవాళ్లు దొరికారని సంబరపడి, పెట్టె వచ్చిన రోజు నుంచి మొదలుపెట్టి అంతా చెప్పుకొచ్చాడు. అవసరమైన మాట మాత్రం చివర్లో వచ్చింది.

"ఎండే దాని మేత సుంకులమ్మా. నెత్తిన నల్లపలక ఉంది చూడు, అదే దాని నోరు. మబ్బు పట్టిన రోజు మధ్యాహ్నానికల్లా దాని గొంతు పడిపోతుంది. అప్పుడు ఓబులేసు దాన్ని నాలుగు తిట్టి, తన కుక్క బొల్లిగాణ్ణి విప్పి చేలోకి వదులుతాడు."

"అయితే ఎర్రన్నా, మబ్బు రోజు సాయంత్రం మొరుగు వినబడితే?"

"ఇంకెవరు, బొల్లిగాడే. నిజం కుక్క, నిజం పళ్లు."

సుంకులమ్మ తలెత్తి చూసింది. పడమట నల్లగా మబ్బు కమ్ముకొస్తోంది. ఈ వయసులో కొత్తపాఠం ఒకటి ఒంటబట్టిందన్న సంతోషానికి, పెద్దరికం మర్చిపోయి గట్టు మీదుగా రెండు గంతులు వేసి మరీ ఇంటికెళ్లింది.

మర్నాడంతా మూసేసిన ఆకాశం. నక్క పగలంతా పడుకుని సాయంత్రానికి గానీ రాడు కాబట్టి, మధ్యాహ్నమే పెట్టె మూగబోయిన సంగతి వాడికి తెలియదు. వాడు వచ్చేసరికి సుంకులమ్మ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. తన చదువు పాతబడిపోయిందని ఒప్పుకుంది. తనూ పరీక్షకి కూర్చుంటానంది.

"ఒక్క మనవి మాష్టారూ. కదలకుండా కూర్చోవడమంటే ఎలాగో నాకే తెలియదు, వీళ్లు పసివాళ్లు. ముందు మీరు కూర్చుని చూపిస్తే, మేమంతా మిమ్మల్ని చూసి నేర్చుకుంటాం."

గుర్నాథం ఉబ్బిపోయాడు. పిల్లలతో పాటు బాగా కండపట్టిన పంతులమ్మ కూడా దొరుకుతుంటే కాదనేదేముంది? మీ మొహం పిల్లలందరికీ కనబడాలని ఆమె అంటే, చేనుకి వీపు పెట్టి గట్టు మీద కూర్చున్నాడు. గాలి పొద వైపు నుంచి చేను వైపు వీస్తోంది. నక్క వాసన చేలోకి పోతుందే గానీ, చేలో వాసన నక్కకి రాదు. ఆ లెక్క సుంకులమ్మ ముందే చూసుకుంది. పిల్లల్ని పొద మొదట్లో కూర్చోబెట్టి, ఇప్పుడు సారు వంతు కాబట్టి మీరు కళ్లు తెరిచే ఉండండి, నా కాలి చప్పుడు వినబడితే మాత్రం పొదలోకి దూరండి అని చెవిలో చెప్పింది.

గుర్నాథం కళ్లు మూసుకున్నాడు. ఎంతకీ మొరుగు లేదు. పెట్టె ఇవాళ కాస్త ఆలస్యం చేస్తోందని తనే సర్దిచెప్పాడు. అంతలో దూరంగా ఒక మొరుగు. వాడు చిరునవ్వు నవ్వాడు. మొరుగు దగ్గరైంది. చూశారా, చెవి కూడా కదపలేదని చెప్పుకున్నాడు. మొరుగు ఇంకా దగ్గరైంది, వెనకాలే శనక్కాయ మొక్కలు తొక్కుకుంటూ వస్తున్న చప్పుడు కూడా.

"వింటున్నారా పిల్లలూ, గొంతు ఎంత బాగా వస్తోందో. కొత్తకాలం గొప్పతనం అదీ."

సుంకులమ్మ కాలు నేల మీద కొట్టింది. పిల్లలు పొదలోకి మాయమయ్యారు, వాళ్ల వెనకే ఆమె. ఆ అలికిడి విన్న గుర్నాథం కళ్లు తెరవకుండానే, "కదిలినవాళ్లంతా ఫెయిలు" అన్నాడు. ఆ మాట పూర్తయ్యీ కాకముందే బొల్లిగాడి పళ్లు వాడి తోకలో దిగాయి.

ఆ తర్వాత నక్క పెట్టిన పరుగు చూడటానికి కళ్లు చాలవు. గట్టు దూకి, వంక దాటి, సగం తోక బొల్లిగాడికి వదిలేసి, ఊరి పొలిమేర దాటేదాకా వెనక్కి తిరగలేదు. పొదలో పిల్లలు ముందు గడగడలాడారు, ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు, ఇక ఒకరి మీద ఒకరు పడి కడుపు నొప్పి పుట్టేలా నవ్వారు. సుంకులమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే ఒక్కొక్కరినీ ముట్టుకుని, అందరూ ఉన్నారో లేదో చూసుకుని, కళ్లు తుడుచుకుంది.

ఎండా, మబ్బూ, పెట్టె సంగతి విన్నాక గంగులు అడిగాడు, "ఇదంతా మీకు ముందే తెలుసా టీచరమ్మా?"

"నిన్ననే తెలిసింది నాయనా. నువ్వు ప్రశ్న అడిగిన రోజే వెళ్లి తెలుసుకోవాల్సింది."

మరుసటి రోజు నుంచి బడి మళ్లీ నిండింది. ఎండ కాస్తే మొరుగుతున్నా మేత మేయడం, మబ్బు పడితే పరుగుకి సిద్ధంగా ఉండటం, రెండూ పాఠాలే. అప్పుడప్పుడు ఎర్రెద్దు దగ్గరికి కూడా తరగతి కదిలేది. అతనూ ఆపకుండా చెప్పేవాడు. గాలి పాఠం మాత్రం ఎప్పటిలాగే మొదటి పాఠం.

గంగులుకి ఒక్క సందేహం మిగిలిపోయింది. ఇంతకీ గుర్నాథం సారు పరీక్ష ఏమైనట్టు?

సుంకులమ్మ తేల్చేసింది. "పంటి గాటు పడేదాకా చెవైనా కదపలేదు కదరా. వాడి పరీక్షలో వాడు ఫస్టు క్లాసులో పాసయ్యాడు."

నీతి: కొత్తగా వచ్చింది ఏం చేస్తుందో తెలిస్తే సరిపోదు, అది ఎప్పుడు చెయ్యదో కూడా తెలుసుకున్నప్పుడే అది చదువు.