మీసాలకు అందని మేడ

ఒకప్పుడు పిల్లులు ఇప్పటిలా ముడుచుకుని పడుకునేవి కావు. నట్టింట్లో వెల్లకిలా పడి, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పారేసి, తోకని ఐదో దిక్కుకి చాపి నిద్రపోయేవి. దారికి అడ్డంగా ఉందని ఎవరైనా విసుక్కుంటే, ఒక కన్ను తెరిచి, "పక్కనుంచి పోకూడదూ" అన్నట్టు చూసి మళ్లీ మూసేసేవి. ఎంత చోటున్నా వాటికి చాలేది కాదు.

ఆ రోజుల్లో బూడిదమ్మ అని ఒక పిల్లి ఉండేది. ఒళ్లంతా బూడిద రంగు. మీసాలు మాత్రం తెల్లగా, ఇంత పొడుగు. ఆ మీసాలంటే దానికి మహా గర్వం. అవి దేనికి పనికొస్తాయో మాత్రం తెలియదు. అందానికే అనుకునేది.

బూడిదమ్మ ఉండేది చీరలు నేసే ఈరమ్మ ఇంట్లో. ఇల్లంటే ఒకటే గది. అందులో సగం మగ్గం, పావు వంతు పొయ్యి. మిగిలిన పావులో మనుషులు. మగ్గం పక్కన ఒక వెదురు బుట్ట ఉండేది. నూలు చుట్టిన కండెలు ఈరమ్మ అందులో వేసుకునేది. సరిగ్గా ఆ బుట్టలోనే బూడిదమ్మ మూడు పిల్లల్ని పెట్టింది.

"నా బుట్టే దొరికిందా నీకు?" అంది ఈరమ్మ. "సరేలే, పురిటాలిని ఎలా లేపుతాం." కండెలన్నీ తీసి చాప మీద పోసుకుంది.

పిల్లల్లో పెద్దవాడు చారలోడు. రెండోది మచ్చ. మూడోది మరీ ఇంత. ఎలుకపిల్లలా ఉందని బూడిదమ్మ దానికి చుంచు అని పేరు పెట్టింది. పిల్లి కడుపున పుట్టి ఎలుక పేరు మోయాల్సి వచ్చింది, పాపం.

ఒక్కదానికీ ఇంకా కళ్లు తెరుచుకోలేదు. అయినా వాటికి ఏ లోటూ లేదు. ఎటు దొర్లినా అమ్మ పొట్టే తగిలేది. ఇంకో వైపు దొర్లినా అమ్మ పొట్టే తగిలేది. అంత చిన్న బుట్ట అది.

ఐదో రోజున బూడిదమ్మ మూతి ముడుచుకుంది.

"ఛీ, ఇదీ ఒక ఇల్లేనా," అంది.

గోడ మీదనుంచి బల్లి ఒకటి తల తిప్పింది. పేరు గోడమ్మ. దోమలు పట్టడం దాని పని. పిల్లిని ఆటపట్టించడం సరదా.

"ఏమైంది వదినా?"

"కాలు చాపితే చారలోడి ముక్కు. తోక ఆడిస్తే మచ్చ మొహం. ఆవులిస్తే చాలు, మీసాలు రెండు పక్కలా బుట్టకి గీసుకుంటున్నాయి. నాలాంటిది ఉండాల్సిన ఇల్లా ఇది?"

"నీలాంటిదంటే?"

"పులికి మేనత్తని."

"నీ మేనల్లుడు గుహలో ఉంటాడు వదినా. ఒకటే గది. పొయ్యి కూడా లేదు."

బూడిదమ్మ వినిపించుకోలేదు. దాని చూపంతా పక్కింటి మీదే ఉంది.

ఈరమ్మ ఇంటి గోడకి ఆనుకుని ఒక పెద్ద మేడ ఉండేది. కట్టించుకున్నవాళ్లు దాన్ని ఊడవలేక, తుడవలేక, ఈ చివర నుంచి పిలిస్తే ఆ చివర వినపడక, ఎప్పుడో చిన్నింటికి మారిపోయారు. అప్పటినుంచీ ఖాళీగానే ఉంది.

"అక్కడికి మారిపోతాం," అంది బూడిదమ్మ. "ఎన్ని కిటికీలో చూడు. ఎండ ధారగా పడుతుంది."

"వానా వాటిలోంచే పడుతుంది."

"పరిగెత్తడానికి ఎంత వసారా ఉందో."

"నీ పిల్లలకింకా పాకడమే రాదు."

"గదికో ఎలుక ఉంటుంది. కూర్చున్న చోటే భోజనం."

"గింజ లేని ఇంట్లో ఎలుకలెందుకుంటాయి? ఊరికే గదులు చూసుకుని బతకడానికి అవి కూడా పులి మేనత్తలా?"

బూడిదమ్మ చెవులు వెనక్కి వాలాయి. "పిల్లలు పెరుగుతారే. పెరిగాక ఈ బుట్ట సరిపోతుందా?"

"పెరగనీ. ముందు కళ్లు తెరవనీ."

బదులు దొరకనప్పుడు ఇంకా గట్టిగా మాట్లాడటం బూడిదమ్మ అలవాటు. మెడ నిక్కించి, ఊరందరికీ చెబుతున్నట్టు అంది:

"ఆ మేడకి మారితే మాకన్నీ శుభాలే."

గోడమ్మ తల అడ్డంగా ఊపింది. నాలుక ఆడించి, "చ్చు... చ్చు... చ్చు," అంది.

బూడిదమ్మ కళ్లు మెరిశాయి. మనిషి ఏదైనా మాట అనగానే బల్లి పలికితే ఆ మాట నిజమైపోతుందని ఈరమ్మ నమ్మకం. వేలితో నేల తట్టి, "సత్యం, సత్యం" అనేది. అది బూడిదమ్మ ఎన్నిసార్లు చూసిందో.

"సత్యం, సత్యం," అని కాలితో బుట్ట అంచు తట్టింది. "బల్లి పలికింది. ఇంకేం కావాలి?"

"అది పలకడం కాదు వదినా, నీ తెలివికి జాలిపడటం," అంది గోడమ్మ.

అప్పటికే చారలోడి మెడ బూడిదమ్మ నోట్లో ఉంది.

మొదట చారలోడిని తీసుకెళ్లింది. తర్వాత మచ్చని. మూడోసారి చుంచుని కరుచుకుని ప్రహరీ పక్కనుంచి నడుస్తుంటే, ప్రహరీ మీద గోడమ్మ కూడా పరిగెత్తింది. ఇంత తమాషా వదులుకుంటుందా మరి.

"ఏం వదినా, పాలు పొంగించవా? కొత్తింట్లోకి పాలు పొంగించకుండా ఎవరైనా వెళతారా?"

"నా పాలు నా దగ్గరే ఉన్నాయి," అంది బూడిదమ్మ.

అనడానికి నోరు తెరిచింది కదా, చుంచు కాస్తా గడ్డిలో పడింది. కీచుమంది. బూడిదమ్మ గబగబా దాన్ని మళ్లీ నోట కరుచుకుని, గోడమ్మ వైపు కొరకొరా చూసింది.

"చ్చు చ్చు," అంది గోడమ్మ.

మేడ మధ్యలో పెద్ద హాలు ఉంది. దానికి నాలుగు వైపులా గుమ్మాలు. ఒక్కో గుమ్మం దాటితే ఒక్కో గది, ఆ గది దాటితే ఇంకో గది. బూడిదమ్మ పిల్లల్ని తీసుకెళ్లి సరిగ్గా హాలు నడిమధ్యన పెట్టింది. గొప్ప ఇంట్లో గొప్పచోటు అదేనని.

తను కూడా పడుకుని నాలుగు కాళ్లూ చాపింది. దేనికీ తగల్లేదు. తోక ఆడించింది. దానికీ ఏమీ అడ్డు రాలేదు. "చూశావా," అంది పైకి చూసి. గచ్చు చల్లదనం వీపులోకి దిగేసరికి వెంటనే తుమ్మింది. ఆ తుమ్ము గదులన్నీ తిరిగొచ్చి ఇంకోసారి వినపడింది.

"ఇల్లు కూడా తుమ్ముతోంది వదినా," అంది గోడమ్మ కప్పు మీదనుంచి.

బూడిదమ్మ లేచి ఇల్లు చూసి రావడానికి బయలుదేరింది. పిల్లులకి లెక్క మూడు దాకానే వస్తుంది. ఒకటి, రెండు, మూడు, బోలెడు. ఆ బోలెడు గదుల్లో ఒక్క ఎలుక లేదు. పొయ్యి ఉంది కానీ, దాంట్లో నిప్పు పుట్టి ఎన్నేళ్లయిందో. అయినా గది గదికీ ఆగి, మీసాలు సవరించుకుని, "ఇదీ మాదే" అనుకుంది. ఎండ వాలేదాకా అదే పని.

తిరిగొచ్చేసరికి హాల్లో చారలోడూ మచ్చా ఒకదాన్నొకటి కరుచుకుని వణుకుతున్నాయి. చుంచు లేదు.

కళ్లింకా తెరవని ఆ పసిది అమ్మ పొట్ట కోసం ఒక పక్కకి దొర్లింది. తగల్లేదు. ఇంకాస్త దొర్లింది. అమ్మ తగల్లేదు, గోడా తగల్లేదు. ఎక్కడాగాలో దానికేం తెలుసు?

"మ్యావ్," అని పిలిచింది బూడిదమ్మ.

"మ్యావ్... మ్యావ్..." అని నాలుగు గుమ్మాల్లోంచీ వినపడింది.

బూడిదమ్మ గిర్రున వెనక్కి తిరిగింది. "ఎవరే నువ్వు? ఇది నా ఇల్లు."

"నా ఇల్లు... నా ఇల్లు..."

"నీదెలా అవుతుంది? నేను ముందొచ్చాను."

"నేను ముందొచ్చాను... ముందొచ్చాను..."

బూడిదమ్మ వీపు మీద బొచ్చు నిక్కబొడుచుకుంది. నా పిల్లని నువ్వే ఎత్తుకెళ్లావంది. ఆ గొంతూ అదే మాట అంది. ఎంత గట్టిగా తిడితే అంత గట్టిగా తిట్లు తిరిగొచ్చాయి. అలా తన గొంతుతో తనే పోట్లాడుకుంటూ ఎంతసేపుండేదో.

"నోరు ముయ్యి వదినా," అంది గోడమ్మ. ఈసారి వెటకారం లేదు. "నువ్వు అరిచినంతసేపూ ఆ పసిది ఏడ్చినా వినపడదు."

బూడిదమ్మ నోరు మూసింది. ఇల్లంతా నిశ్శబ్దం. దూరంగా, సన్నగా, "కీ..." అని వినపడింది. అదీ నాలుగు గుమ్మాల్లోంచీ వినపడింది.

"పైనుంచి నీకు కనపడుతోందా?" బూడిదమ్మ గొంతు చిన్నదైపోయింది.

"లేదు వదినా. ఇక్కణ్ణుంచి నేల చూస్తే నాకే కళ్లు తిరుగుతున్నాయి."

కళ్లు పనికిరాలేదు. చెవులూ పనికిరాలేదు. బూడిదమ్మ తల వంచి, గోడ వారగా నడిచింది. ఒక పక్క మీసాలు గోడకి రాసుకుంటున్నాయి. ఇంకో పక్క మీసాలకి ఉత్త గాలి. ఒక గది అయింది. రెండు, మూడు, తర్వాత బోలెడు. గోడ, గాలి. గోడ, గాలి. ఇందాక 'ఇదీ మాదే' అనుకున్న ప్రతి గదినీ ఇప్పుడు 'ఇదొకటి చచ్చింది' అనుకుంటూ దాటింది.

చివరి గదిలో తలుపు వెనకాల ఒక పాత తోలు బూటు పడి ఉంది. మేడవాళ్లు వదిలేసి పోయినది. బూడిదమ్మ దాంట్లోకి మూతి పెట్టింది.

రెండు పక్కలా మీసాలు తగిలాయి.

ఆ మేడలో అడుగుపెట్టాక రెండు పక్కలా మీసాలు తగలడం అదే మొదటిసారి. ఆ రెండింటి మధ్య, వెచ్చగా, ఇంత చెవి.

"అమ్మా," అంది చుంచు. "నాకు ఇల్లు దొరికింది. ఎటు కదిలినా గోడ తగులుతోంది. నువ్వు కూడా రా."

బూడిదమ్మ చుంచు మెడ పట్టుకుని వెనక్కి లాగింది. రాలేదు. చుంచు కాదు, బూడిదమ్మ తలే బూటులో ఇరుక్కుంది. పులికి మేనత్త, అంత మేడలో, తల బూటులో పెట్టుకుని, వెనకభాగం పైకెత్తి నిలబడింది.

"ఏం వదినా," అంది గోడమ్మ. "గృహప్రవేశం అయిందా?"

బూడిదమ్మకి మంచి బదులు తోచింది. పుట్టి బుద్ధెరిగాక అంత పదునైన మాట దానికెప్పుడూ తోచలేదు. కానీ నోట్లో చుంచు ఉంది. పళ్లు వదిలితే మళ్లీ బూటు అడుక్కి జారిపోతుంది.

ఆ మాటని అలాగే మింగేసింది. రెండు కాళ్లతో బూటుని తన్ని, తల విదిల్చి, చుంచుతో సహా బయటపడింది. గోడమ్మ ఎంత కవ్వించినా ఇల్లు చేరేదాకా నోరు తెరవలేదు. ముందు చుంచుని, తర్వాత మచ్చని, చారలోడిని తెచ్చి ఈరమ్మ గుమ్మంలో దించింది.

ఈరమ్మ అప్పుడే దీపం ముట్టిస్తోంది. "ఏమ్మా దొరసానీ, మేడ ఇరుకైందా?" అంది. "నువ్వు పోయావని బుట్టలో కండెలు పోసేసుకున్నానే."

నిజమే. బుట్ట నిండా కండెలు. ఛీ అన్న ఆ బుట్ట వైపు బూడిదమ్మ ఎంత ఆశగా చూసిందో. ఈరమ్మ అటూ ఇటూ వెతికి, ఉల్లిపాయలు వేసుకునే చిన్న బుట్ట ఖాళీ చేసి పొయ్యి పక్కన పెట్టింది. అది పాతదాంట్లో సగం కూడా ఉండదు.

బూడిదమ్మ ఆ బుట్ట దగ్గరికి వెళ్లింది. ముందు మూతి లోపలికి పెట్టి చూసింది. మీసాలు రెండు పక్కలా తగిలాయి. అప్పుడు లోపలికి దిగింది. మూడుసార్లు గుండ్రంగా తిరిగింది. కాళ్లు కిందికి మడిచింది. తోకకి చోటు లేక దాన్ని ముక్కు చుట్టూ తిప్పుకుంది. మధ్యలో మిగిలిన కాస్త చోటులో ముగ్గురు పిల్లలూ దూరారు. చుంచు ఒక పక్కకి దొర్లింది. అమ్మ పొట్ట తగిలింది. ఇంకో పక్కకి దొర్లింది. అమ్మ పొట్టే.

"కొత్తిల్లు ఎలా ఉంది వదినా?" అంది గోడమ్మ.

"ఉల్లిపాయల కంపు."

"మరి చోటు?"

బూడిదమ్మ మీసాలు ఆడించి చూసుకుంది.

"సరిపోయింది," అంది.

అప్పటినుంచే పిల్లి, ఎంత పెద్ద ఇంట్లో ఉన్నా, నట్టిల్లు వదిలేసి బుట్టలోనో చేటలోనో డబ్బాలోనో దూరి, తోక ముక్కుకి చుట్టుకుని, ముద్దలా పడుకుంటుంది. ఎందులోనైనా దూరే ముందు మీసాలు పెట్టి కొలుచుకుంటుంది. పిల్లని నోట కరుచుకుని వెళ్తున్నప్పుడు ఎవరేమన్నా పలకదు.

గోడ మీద బల్లి "చ్చు చ్చు" అన్నప్పుడల్లా మనుషులు ఇప్పటికీ వేలితో తట్టి "సత్యం, సత్యం" అంటూనే ఉన్నారు. పిల్లి ఒక్కటే తల ఎత్తి దాని వైపు కొరకొరా చూస్తుంది. ఆ చప్పుడుకి అర్థమేమిటో దానికి తెలుసు.