వంద బండలకు ఒక్క జవాబు

నందికొలను రాజు మాచభూపతికి ఒక సరదా పుట్టింది. కొత్త సభామండపం నేలంతా నలుచదరపు బండలే పరవాలి, ఒక్క బండనైనా చెక్కి సరిపెట్టకూడదు. ఆ పని రాళ్లు చెక్కే కొమరయ్యకు అప్పగించాడు.

పునాదులకు గీతలు గీయించింది ఆస్థాన గణితపండితుడు దివాకర సోమయాజి. గోడలు లేచాక కొమరయ్య ఒక మూల నుంచి బండలు పరుచుకుంటూ వెళ్లాడు. పక్కగోడకు మొదట్లో అతుక్కున్న బండలు పోనుపోను దూరం జరిగి, చివర జానెడు సందు మిగిలింది.

సోమయాజి తప్పంతా కొమరయ్యదేనన్నాడు. రాజు ఎదుటే గోడలు కొలిపించాడు. నాలుగూ ముప్పై మూరలే. రాజుకు కోపం వచ్చి, కొమరయ్యను పెళ్లాంబిడ్డలతో సహా రాజ్యం విడిచి పొమ్మన్నాడు. పాతికేళ్లు కోటకు రాళ్లు చెక్కిన మనిషి, ఉలి, సుత్తి సంచిలో సర్దుకోసాగాడు.

గుమ్మానికి తోరణం కడుతున్న పోలమ్మ ఇదంతా వింది. అంతఃపురంలో పందిళ్లు వేసేది ఆవిడే. మొహమాటం లేకుండా మాట్లాడుతుందని రాజుకు ఆవిడంటే ఇష్టం. నిచ్చెన దిగి వచ్చి, మండపం చతురస్రమని ఎలా తేల్చారో పండితులవారు ఇంకోసారి చెప్పాలని అడిగింది.

చతురస్రానికి నాలుగు భుజాలూ సమానమని, ఈ గోడలూ సమానమే గనుక ఇది చతురస్రమేనని సోమయాజి విసుగ్గా చెప్పాడు.

"చతురస్రమైతే భుజాలు సమానం, ఒప్పుకుంటాను. భుజాలు సమానమైతే చతురస్రమేనని మీరు తిరగేసి చెబుతున్నారు. అది వేరే మాట. దానికి వేరే నిరూపణ కావాలి."

సోమయాజి మూలనున్న బండల దొంతర చూపించాడు.

"అవి వంద ఉన్నాయి. ఏదైనా కొలుచుకో. నాలుగంచులూ సమానం, ప్రతిదీ చతురస్రం. వంద సాక్ష్యాలు చాలవా?"

పోలమ్మ నెమ్మదిగా అంది:

"వంద చూపినా అవునని తేలదు స్వామీ. కాదని తేల్చడానికి నాకు ఒక్కటి చాలు."

నాలుగు వెదురుబద్దలు సమానంగా విరిచి, కొసలు నారతో కట్టి ఆయన ముందు పెట్టింది. చతురస్రమేనని ఆయన ఒప్పుకున్నాడు. పోలమ్మ ఒక మూలను వేలితో నెట్టింది. చట్రం పక్కకు ఒరిగిపోయింది.

"ఇప్పుడు ఏ బద్ద పొడుగు మారింది?"

సోమయాజి నాలుగు బద్దలూ కొలిచి చూశాడు; ఏదీ మారలేదు. పందిరి వేసేటప్పుడు భుజాలు సమానమయ్యాక మూల నుంచి ఎదుటి మూలకు కూడా తాడు పట్టి చూస్తామని, ఆ రెండు కొలతలూ సమానమైతేనే మూలలు లంబకోణాలుగా వచ్చినట్టని పోలమ్మ రాజుకు వివరించింది.

మాచభూపతి తానే తాడు పట్టుకున్నాడు. ఒక మూలకొలత రెండోదానికన్నా దాదాపు జానెడున్నర ఎక్కువ వచ్చింది. బండలు తిన్నగానే ఉన్నాయి. వంకరపోయింది మండపమే.

రాజు కొమరయ్య భుజం తట్టి తొందరపడ్డానని చెప్పాడు. సందుకు తగ్గట్టు ఎన్ని బండలైనా కోసుకోమన్నాడు. తన వేలి ఉంగరం తీసి పోలమ్మకిచ్చాడు. తర్వాత సోమయాజి వైపు తిరిగాడు. ఆయన వెదురు చట్రాన్ని మళ్లీ తిన్నగా నిలబెట్టాలని చూస్తున్నాడు. అది ఎటు నెడితే అటు ఒరుగుతోంది.

"సోమయాజులుగారూ, ఇకమీదట కోటలో ఏ పందిరి వేసినా తాడు రెండో కొస మీరే పట్టుకోవాలి."

మండపమంతా నవ్వులతో నిండిపోయింది. చివరికి సోమయాజి కూడా నవ్వాడు.