గాలికి వంతులు వేసిన ఇల్లు

నిరుడు తొలకరి రోజుల్లో గవరమ్మకి అన్యాయం జరిగింది. చేసింది పరాయివాళ్ళు కాదు. మొగుడు సింహాచలం, మరుదులు అప్పలస్వామి, సన్యాసి. ఊరందరికీ తెలివి పంచిపెట్టగా మిగిలిందంతా తమ అటక మీదే ఉందని ఆ ముగ్గురికీ గట్టి నమ్మకం.

ఆ పొద్దున సెల్ టవరు బాగుచెయ్యడానికొచ్చినాయన వీళ్ళ అరుగు మీద టీ తాగుతూ చెప్పాడు: "ఎన్ని ఫోన్లున్నా గాలి ఒక్కటేనండీ. టవరు ఒక్కొక్కరికీ చిటికె సేపు వంతు వేస్తుంది. ఒకరి మాట ముక్క, ఆ వెంటనే ఇంకొకరి ముక్క. ఎవరి దారి వాళ్ళకి గీసిపెడుతుంది కూడా. అందుకే అడ్డం పడకుండా అందరూ మాట్లాడుకుంటున్నారు."

"అయితే మనం గుక్క తిప్పుకోకుండా మాట్లాడితే పక్కోడి గాలి తినేసినట్టే కదరా!" అన్నాడు సింహాచలం. అంతే, ఆ ఇంట్లో న్యాయం పుట్టింది.

మధ్యాహ్నానికి గేదెకి నొప్పులొచ్చాయి. దూడ కాలొక్కటి బయటికొచ్చి ఆగిపోయింది. గవరమ్మ చేతులు రెండూ గేదెకే సరిపోయాయి.

"పశువుల డాక్టరుకి ఫోన్ చెయ్యండర్రా, గేదె దక్కేలా లేదు!" అని లబలబలాడింది.

ఇంకేముంది! డాక్టరుకి కలిపి, ఫోన్ మధ్యలో పెట్టి ముగ్గురూ చుట్టూ కూర్చున్నారు. ఫోన్ ఒకటే, పనులు మూడు; వంతుకి ఒక్క మాటే.

"గేదె," అన్నాడు సింహాచలం.

"యూరియా," అన్నాడు అప్పలస్వామి. అతనికి ఎరువుల కొట్టుతో పని.

"పెళ్ళిచూపులు," అన్నాడు సన్యాసి. అతనికి ఆడపిల్లవారితో పని.

"నొప్పులు."

"రెండు బస్తాలు."

"శుక్రవారం."

"గేదె యూరియా తిని పెళ్ళిచూపులకెళ్ళిందా?" అని డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

గవరమ్మ ఉరికొచ్చి ఫోన్ లాక్కుని, మళ్ళీ కలిపి, ఒక్క గుక్కలో సంగతంతా చెప్పేసింది.

"ఊరందరి గాలీ వదినొక్కతే మింగేసింది," అని నొచ్చుకున్నాడు సన్యాసి.

డాక్టరు వచ్చేసరికి అన్నదమ్ములు ముగ్గుపిండితో వాకిట్లో తలో దారీ గీసేసుకున్నారు.

"ఆగండి సార్! అది నా దారి. గేదె మా అన్నయ్యది. అన్న దారిలో రండి," అన్నాడు అప్పలస్వామి.

అన్న దారి పెంటకుప్ప మీదుగా ఉంది. డాక్టరు మోకాళ్ళదాకా దిగబడ్డాడు. గవరమ్మ చీపురు తీసింది. గీతల్ని ఊడ్చిందో, మరుదుల్నే ఊడ్చిందో, చూసినవాళ్ళు తలో మాట చెబుతారు. ఎలాగైతేనేం, గేదె బతికింది, దూడా బతికింది.

"ముర్రుపాలు వెంటనే తాగించండి," అని డాక్టరు కాళ్ళు కడుక్కుని వెళ్ళాడు.

"తాగడానికి దీనికి వంతేదీ? నంబరు లేనోళ్ళకి టవరు వంతివ్వదు కదా," అన్నాడు సింహాచలం.

"దూడకో సిమ్ము కొనేద్దాం అన్నయ్యా!" అన్నాడు సన్యాసి.

అంతే, ముగ్గురూ టౌనుకి పరుగు. వాళ్ళు మలుపు తిరగ్గానే గవరమ్మ దూడని పొదుగు దగ్గరికి తోసింది. "తాగవే తల్లీ! నీ వంతు, నా వంతు, ఆ టవరు వంతు, అన్నీ నువ్వే తాగెయ్."

అక్కడ సిమ్ముల కొట్టువాడు పేరడిగాడు. "దూడ," అన్నారు. తండ్రి పేరడిగాడు. ముగ్గురూ మొహమొహాలు చూసుకుని, బయటికి లాగింది ఆయనే కదా అని డాక్టరు పేరు రాయించారు. పుట్టిన తేదీ దగ్గర మాత్రం తడుముకోలేదు, ఆ పూటే పుట్టింది కదా: 2023 జూన్ 21.