మామూలు పని

గుంటూరులోని ఒక పెద్దాసుపత్రిలో శశిభూషణ్ అనే ఇంజనీరు ఉండేవాడు. అతనికి కంప్యూటరు మీద ఎంత గురో, మనుషులతో మాట్లాడాలంటే అంత బద్ధకం.

మెదడులో రక్తనాళం ఒక్కోసారి ఒకచోట పలచబడి బుడగలా ఉబ్బుతుంది. అది పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. అలాగని అన్నిటికీ ఆపరేషన్ చేయలేరు, అందులోనూ ప్రమాదం ఉంది. శశిభూషణ్ స్కాన్ చూసి ఆ నాళాన్ని కంప్యూటరులో అచ్చం అలాగే తయారుచేసి, అందులో రక్తాన్ని పారించేవాడు. బుడగ గోడ మీద ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో తెర మీద రంగుల్లో కనిపించేది: తక్కువైతే నీలం, ఎక్కువైతే ఎరుపు. అతని పనితనానికి వంక పెట్టడానికి లేదు.

"రోగిని ఒకసారి చూసి రావయ్యా" అని మెదడు ఆపరేషన్లు చేసే డాక్టర్ హైమవతి అంటే, "రోగి ఇక్కడే ఉన్నాడు మేడమ్" అని తెర చూపించేవాడు.

ఒకనాడు నరసరావుపేట వైపు నుంచి మౌలాలి అనే ఆయన వచ్చాడు. ఆయన నాదస్వరం వాయించేవాడు. తాతల నాటి నుంచీ వాళ్ళింట్లో అదే విద్య, అదే కూడు. తలనొప్పికి స్కాన్ తీస్తే బుడగ బయటపడింది.

"ఆపరేషన్ చేస్తే వేళ్ళు పడిపోతాయా అమ్మా?" అని అడిగాడు మౌలాలి.

"పడిపోవని మాటివ్వలేను, పడిపోతాయనీ అనలేను. అసలు అవసరమో కాదో ముందు తేలనీ" అంది హైమవతి.

"వేళ్ళు లేకపోతే నేనున్నా ఒకటే, లేకపోయినా ఒకటేనమ్మా" అన్నాడాయన.

ఆమె శశిభూషణ్‌ని పిలిచి, "ఆయనకు వేళ్ళ మీద చాలా బెంగగా ఉంది. ఏం పని చేస్తాడో కనుక్కుని లెక్క కట్టు" అంది. శశిభూషణ్ తలూపాడు, కానీ కుర్చీలోంచి లేవలేదు. అందరికీ వాడే లెక్క ఉండనే ఉంది కదా. హాయిగా పడుకున్న మనిషి రక్తపోటు ఎంతో, అంతే పెట్టి నడిపాడు. బుడగ గోడంతా చల్లటి నీలంగా కనిపించింది. 'ప్రమాదం తక్కువ, మామూలు పనులు చేసుకోవచ్చు' అని రిపోర్టు ఇచ్చాడు. అతను అడిగే ఉంటాడనుకుని హైమవతి అదే మాట మౌలాలికి చెప్పి, మందులిచ్చి పంపింది. ఆయన సంబరంగా ఇంటికి వెళ్ళాడు.

ఆ తర్వాత ఒక పెళ్ళిలో మాంగల్యధారణ వేళ అయింది. పురోహితుడు "గట్టిమేళం" అని చెయ్యెత్తాడు. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ ఎవరి చెవినా పడకూడదు, అందుకే వాయిద్యాలు హోరెత్తాలి. మౌలాలి గుండెల నిండా ఊపిరి పట్టి, మెడ నరాలు ఉబ్బేలా ఊదాడు. బుడగ పగిలింది. ఆయన వాయిద్యంతో సహా పందిట్లోనే ఒరిగిపోయాడు.

హైమవతి ఆపరేషన్ చేసి ప్రాణం నిలిపింది. కుడిచేతి వేళ్ళు మాత్రం తిరిగి కదల్లేదు.

ఈ సంగతి తెలిసి శశిభూషణ్ ఆ బుడగకే, ఊపిరి బిగబట్టి ఊదే మనిషి రక్తపోటు పెట్టి మళ్ళీ లెక్క కట్టాడు. గోడ ఎర్రగా మండింది. కుర్చీలోంచి లేచి, మొదటిసారిగా వార్డుకి వెళ్ళాడు. సిగ్గుతో తలవంచుకుని మౌలాలి మంచం పక్కన నిలబడ్డాడు.

"మీ రిపోర్టు ఇచ్చింది నేనే. మామూలు పనులు చేసుకోవచ్చన్నానే గానీ..." అన్నాడు.

మౌలాలి కోప్పడలేదు. ఎడమచేత్తో కుడిచేతి వేళ్ళు నిమురుకుంటూ అన్నాడు: "నాకు ఊదడమే మామూలు పని బాబూ. మీరు అడిగితే చెప్పేవాణ్ణి."

ఆనాటి నుంచి శశిభూషణ్ ముందు మంచం దగ్గరికి వెళ్ళి, "మీరేం పని చేస్తారండీ?" అని అడిగాకే కంప్యూటరు తెరిచేవాడు. మౌలాలి నాదస్వరం మటుకు మళ్ళీ మోగలేదు.

నీతి: మనిషిని అడగకుండా కట్టిన లెక్క ఎంత చక్కగా ఉన్నా, అది ఆ మనిషి లెక్క కాదు.