దివాన్ గారి గొడుగు

రాజుగారి కాఫీ తోట చూడ్డానికి దివాన్ పేర్రాజు మిట్టమధ్యాహ్నం కొండెక్కాడు, వెనకాల గొడుగు పట్టే మనిషితో. మొక్కలకు నీడ కోసం పెంచిన పెద్ద చెట్లు ఆయనకు కంటగింపయ్యాయి.

"పూతా కాతా లేకుండా ఊరికే నిలబడ్డ ఈ చెట్లన్నీ కొట్టించెయ్యండి," అన్నాడు.

కాఫీ పళ్లు కోసే బుద్రి, గొడుగు పట్టే మనిషి చేతిలోంచి గొడుగు లాక్కుని చంకలో పెట్టుకుంది, అతన్ని ఇంటికి పొమ్మంది.

దివాన్ మండిపడ్డాడు. "ఇదేం పనే?"

"ఈ గొడుగు పట్టే ఆయన మాత్రం పూశాడా, కాశాడా బాబూ? ఈయనా ఊరికే నిలబడ్డాడు."

చెట్ల నీడ పడని బాట మీద నిలబడ్డ దివాన్ బట్టతల కాసేపటికే కమిలిపోయింది. "చెట్లు ఉండనీలే, ముందు ఆ గొడుగు పట్టు," అన్నాడు.

బుద్రి గొడుగు విప్పి పట్టింది. "మొక్కలకీ ఎండ ఇలాగే తగుల్తాది బాబూ. కాకపోతే, నీడపట్టున ఉంచితే అవి నాలుగు కాయలు కాస్తాయి."